చిక్కుప్రశ్న నేర్పే పాఠం

మాల్టాలో 1933లో జన్మించిన వైద్యుడు ఎడ్వర్డ్ డి బోనో 1967లో ప్రతిపాదించిన ‘లేటరల్ థింకింగ్’, అంటే పార్శ్వ చింతన, తర్కాన్ని తోసిపుచ్చే పద్ధతి కాదు. తర్కం ఏ ఊహపై ఆధారపడి నడుస్తున్నదో ఆ ఊహనే ముందుగా పరీక్షించే అభ్యాసం.

ఈ అభ్యాసానికి వాడే పజిళ్లలో లిఫ్టు కథ ప్రసిద్ధమైనది. పదో అంతస్తులో ఒంటరిగా నివసించే వ్యక్తి రోజూ లిఫ్టులోనే కిందికి దిగుతాడు; తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఏడో అంతస్తు వరకే లిఫ్టులో వచ్చి, మిగిలిన మూడు అంతస్తులూ మెట్లెక్కుతాడు; వాన పడిన రోజున నేరుగా పదికే చేరుకుంటాడు. అతడు బాగా పొట్టివాడు కనుక ఏడో మీట వరకే చెయ్యి అందుతుందనీ, వానరోజున గొడుగు కొనతో పదో మీట నొక్కుతాడనీ జవాబు. అతని ఎత్తును గురించి కథ ఏమీ చెప్పలేదు; సగటు ఎత్తు మనిషిని కల్పించుకున్నది పాఠకుడే.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డంకర్ ప్రయోగం ఇదే బలహీనతను వస్తువుల విషయంలో చూపింది. కొవ్వొత్తులను తలుపుకు కంటి ఎత్తున అమర్చమని కోరి, కావలసిన సామగ్రిని చిన్న పెట్టెల్లో నింపి ఇచ్చినప్పుడు, ఆ పెట్టెలనే మేకులతో తలుపుకు బిగించి పీటలుగా వాడవచ్చునని పలువురికి తోచలేదు. ఖాళీ పెట్టెలు ఇచ్చినప్పుడు ఎక్కువమందికి తోచింది. అలవాటైన ఉపయోగం మరో ఉపయోగాన్ని కనబడనివ్వని ఈ స్థితిని ప్రయోజన స్థిరత్వం అనవచ్చు.

తెలుగు అవధానంలోని సమస్యాపూరణం పార్శ్వ చింతన సాధనకు దగ్గరి బంధువు. పృచ్ఛకుడు అసంబద్ధంగానో అనుచితంగానో వినిపించే పద్యపాదాన్ని ఇస్తే, అవధాని ఆ పాదంలో ఒక్క అక్షరమూ మార్చకుండా, పదాల విరుపునో సందర్భాన్నో మార్చి దానిని సముచితం చేస్తాడు.

జవాబు తెలిసిన ఒకరు ‘అవును’, ‘కాదు’, ‘సంబంధం లేదు’ అని మాత్రమే బదులిస్తుండగా మిగిలినవారు ప్రశ్నలతో ముందుకు సాగడం లిఫ్టు కథ వంటి పజిళ్లను సాధించే ఉత్తమమైన తీరు. ఎందుకంటే అడిగిన ప్రతి ప్రశ్నా దాగి ఉన్న ఒక ఊహను బయటికి తెస్తుంది. జవాబు తెలిసిన పజిల్ మళ్లీ పనికిరాదు గాని, ఏ ఊహ అడ్డుపడిందో గుర్తించే అలవాటు తరువాతి సమస్యకూ పనికివస్తుంది. కనుక పాఠకులు జవాబు పుటను తిరగేసే తొందరను మానుకొని, తాము అడగని ప్రశ్న ఏదో ముందుగా వెతకాలి.