ఏది మూలం? కింగ్ క్రిమ్సన్ పునర్ముద్రణలు – ఒక పరిశీలన

1969 అక్టోబరు 10న ఇంగ్లండ్‌లో విడుదలైన ‘ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్’ అనే ఎల్.పి. రికార్డులో ఉన్నవి ఐదు పాటలు. మొత్తం నిడివి దాదాపు 44 నిమిషాలు. ఆ బృందం ఆ ఒక్క సంవత్సరంలో చేసిన రికార్డింగులన్నిటినీ పోగుచేసి 2020లో వెలువరించిన పెట్టెలో డిస్కుల సంఖ్య 26. ఈ పెట్టెను, దీనికి ముందు వచ్చిన నాలుగైదు ముద్రణలను కూడా కొని అల్మరాలో చేర్చుకునే శ్రోత నిజానికి దేనిని సేకరిస్తున్నాడు? ఇదంతా అభిమానుల వెర్రి అనో, సంగీత వ్యాపారుల జిత్తు అనో కొట్టిపారెయ్యడం తేలిక. ఆ రెండింటి పాలూ ఇందులో లేకపోలేదు. కాని కింగ్ క్రిమ్సన్ పునర్ముద్రణలను వరుసగా పరిశీలిస్తే, ప్రాచీన కావ్యాల పరిష్కర్తలకు చిరపరిచితమైన ప్రశ్నే అక్కడా ఎదురవుతుంది: ఒక కృతికి ప్రామాణిక పాఠం ఏది? దానిని నిర్ణయించే అధికారం ఎవరిది?

రాబర్ట్ ఫ్రిప్ (గిటార్), ఇయన్ మెక్‌డొనాల్డ్ (శాక్సఫోన్, వేణువు, మెలోట్రాన్), గ్రెగ్ లేక్ (గాత్రం, బేస్ గిటార్), మైకేల్ జైల్స్ (డ్రమ్స్), పీటర్ సిన్‌ఫీల్డ్ (గీతరచన) – ఈ ఐదుగురితో ఏర్పడిన బృందం 1969 జులై 5న లండన్ హైడ్ పార్కులో, రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు వాయించి ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నది. రాక్ వాద్యాలతోనే జాజ్ స్వేచ్ఛను, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు నిర్మాణాన్ని సాధించబూనిన ప్రోగ్రెసివ్ రాక్ అనే ధోరణికి వీరి తొలి రికార్డును ఒక మూలస్తంభంగా పరిగణిస్తారు. ఆ ఏడాది చివరికే మెక్‌డొనాల్డ్, జైల్స్ వైదొలిగారు. తరువాత సభ్యులు మారుతూనే వచ్చారు; ఆద్యంతం మిగిలినవాడు ఫ్రిప్ ఒక్కడే. 1974లో ఆయన బృందాన్ని రద్దుచేసే నాటికి ఏడు స్టూడియో ఆల్బములు పూర్తయ్యాయి. ఇప్పుడు పెట్టెలు పెట్టెలుగా వస్తున్న పునర్ముద్రణలలో అధికభాగం ఆ ఆరేళ్ళ సంగీతమే.

ప్రతికి ప్రతి

స్టూడియోలో ఒక్కొక్క వాద్యాన్ని, గొంతును విడివిడి ట్రాకులుగా రికార్డు చేస్తారు. వాటిని తగిన పాళ్ళలో కలిపి రెండు ట్రాకుల స్టీరియో టేపుగా దించడం మిక్సింగ్. అలా తయారైన టేపే మాస్టర్. రికార్డులన్నీ దాని సంతానం. అయస్కాంత టేపుకు ఒక శాపం ఉన్నది. ప్రతి నకలులోనూ కొంత రొద చేరుతుంది, సన్నని ధ్వనులు కొన్ని మొద్దుబారతాయి. నకలుకు నకలు తీస్తే ఆ నష్టం రెట్టింపవుతుంది.

కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బము విషయంలో జరిగింది ఇదే. మొదటి తరం మాస్టర్ టేపు చాలాకాలం కనిపించకుండా పోయింది. 1989లో ఫ్రిప్, టోనీ ఆర్నల్డ్ కలిసి సంస్కరించిన సీడీ గాని, ముప్ఫై ఏళ్ళ సందర్భంగా సైమన్ హేవర్త్ సంస్కరించిన సీడీ గాని రెండవ, మూడవ తరం నకళ్ళపై ఆధారపడినవే. 2003లో అసలు టేపు ఒక భాండాగారంలో బయటపడింది. 2004లో దాని ఆధారంగా కొత్త ముద్రణ వచ్చింది. అంటే మూడు దశాబ్దాలకు పైగా లోకం విని మెచ్చుకున్న ఆ రికార్డు చాలామంది శ్రోతలకు చేరింది ప్రతికి ప్రతి రూపంలోనే. 1969 నాటి గులాబీరంగు లేబులు ఉన్న ఐలండ్ కంపెనీ తొలి ముద్రణకు సేకర్తలు ఎందుకు అంత వెల కడతారో దీనివల్ల బోధపడుతుంది. దానికి పాతదన్న విలువ ఉన్నది. మూలానికి దగ్గరిదన్న విలువ అంతకు మించినది.

తాళపత్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ఈ కథ కొత్తది కాదు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయడానికి ముందు సి.పి. బ్రౌన్ దొరికినన్ని రాతప్రతులు సేకరించి, పండితుల సహాయంతో పాఠాలు పోల్చిచూశాడు. లేఖకుల చేతిలో పద్యం ఎలా మారుతూ వస్తుందో అలాంటి సేకరణ వల్లనే తెలుస్తుంది. ఒక్క ప్రతితో తృప్తిపడే పాఠకుడికి అందులో తప్పున్నదన్న అనుమానమే రాదు. రికార్డుల సేకర్త చేసే పని ఇంత గంభీరమైనది కాకపోవచ్చు గాని, రెండు ముద్రణలను పక్కపక్కన పెట్టి వినే అలవాటు పుట్టింది మాత్రం ఆ బుద్ధిలోనుంచే.

అయితే ఇక్కడొక చిక్కున్నది. దొరికిన అసలు టేపు కూడా నిర్దుష్టం కాదు. దానిని దించిన యంత్రంలో టేపును తాకే శీర్షం సరిగా అమరకపోవడం వల్ల కొంత స్పష్టత మొదటే నష్టమైంది. మూలంలోనే లేఖకదోషం ఉంటే పరిష్కర్త ఏం చేయాలి? ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, కర్త ఉద్దేశించినది ఊహించి దిద్దాలా?

రీమిక్స్ అనే కొత్త పాఠం

ఈ ప్రశ్నకు 2009లో వచ్చిన సమాధానం స్టీవెన్ విల్సన్ రీమిక్స్. పోర్క్యుపైన్ ట్రీ బృందనాయకుడైన విల్సన్, ఫ్రిప్ ఆమోదంతో మాస్టర్ టేపును దాటి వెనక్కి, ఎనిమిది ట్రాకుల మూల టేపుల దగ్గరికి వెళ్ళాడు. 1969లో ఎనిమిది ట్రాకులూ నిండిపోయినప్పుడు కొన్నింటిని కలిపి ఒకటి రెండు ట్రాకులకు కుదించి, ఖాళీ అయిన చోట మెలోట్రాన్ పొరలు, ఊదువాద్యాలు చేర్చారు. విల్సన్ ఆ కుదింపుకు ముందున్న టేపులను కంప్యూటరులో ఒకదానితో ఒకటి జతకలిపి, అన్నిటినీ మొదటి తరం ధ్వనితో మళ్ళీ కూర్చాడు.

రీమాస్టర్, రీమిక్స్ అనే రెండు మాటలనూ ప్రకటనలు కలగాపులగంగా వాడతాయి. రీమాస్టర్ చేసినవాడు పాత పటం మీద దుమ్ము తుడుస్తాడు. రీమిక్స్ చేసినవాడు అవే రంగులతో పటాన్ని తిరిగి గీస్తాడు. ఏ వాద్యం ముందుండాలి, ఏది వెనకకు తగ్గాలి అన్న ప్రతి నిర్ణయమూ కొత్తదే. కాబట్టి రీమిక్స్‌ను శుభ్రమైన పాత పాఠం అనుకోకూడదు. దానిని ఒక వ్యాఖ్యానంగా విచారించాలి.

అలా విచారిస్తే ఫలితం అన్నిచోట్లా ఒకేలా లేదు. 1970 నాటి ‘లిజర్డ్’ ఆల్బములో కీత్ టిపెట్ పియానో, జాజ్ వాద్యకారుల బూరలు, ఫ్రిప్ గిటార్ ఒకదానినొకటి తోసుకుంటూ ఇరుకుగా ఉండేవి. ఆ ఆల్బము మీద ఫ్రిప్‌కే చాలాకాలం సదభిప్రాయం లేదు. విల్సన్ మిక్స్‌లో వాద్యాలకు చోటు దొరికింది. ఆల్బము ప్రతిష్ఠ పెరిగింది. తొలి ఆల్బము సంగతి వేరు. ‘ఎపిటాఫ్’ పాటలో మెలోట్రాన్ తీగలు పొగమంచులా కమ్ముకొని గొంతును మింగబోవడమే ఆ పాట భావం. ఏ వాద్యానికావాద్యం విడిగా, స్పష్టంగా వినిపించే కొత్త మిక్స్‌లో తెలిసేది ఎక్కువ, తాకేది తక్కువ. స్పష్టత గుణమే గాని, ప్రతి కృతికీ అది అవసరమైన గుణం కాదు.

ఇంకొక మార్పు మరింత చర్చనీయం. ‘మూన్‌చైల్డ్’ పాట మొదటి రెండు మూడు నిమిషాల తరువాత గిటార్, వైబ్రఫోన్, డ్రమ్స్ మెల్లగా, దాదాపు నిశ్శబ్దంగా సాగించే ఆశు సంభాషణగా మారుతుంది. పన్నెండు నిమిషాల ఆ పాట నుంచి 2009 మిక్స్‌లో సుమారు మూడు నిమిషాలు తీసివేశారు. ఆ భాగం సాగతీత అన్న విమర్శ మొదటినుంచీ ఉన్నది. కాని సాగతీత కూడా 1969 నాటి సాహసంలో భాగమే. పూర్తి రూపాన్ని అదే డిస్కులో అదనపు పాటగా చేర్చడం వల్ల నష్టం తప్పింది. విస్మరించిన పాఠాన్ని అధోజ్ఞాపికలో చూపడం మంచి పరిష్కర్త లక్షణం.

ప్రక్షిప్తాలు

అంత జాగ్రత్త అన్నిసార్లూ లేదు. 1991లో వచ్చిన ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ సంపుటిలో ‘కేడెన్స్ అండ్ కాస్కేడ్’ పాటను 1970లో పాడిన గోర్డన్ హాస్కెల్ గొంతు లేదు. దాని స్థానంలో 1981లో బృందంలో చేరిన ఏడ్రియన్ బెల్యూ గొంతు ఉన్నది. ‘లిజర్డ్’లోని బొలేరో భాగానికి టోనీ లెవిన్ బేస్ కొత్తగా చేరింది. ఇద్దరూ గొప్ప కళాకారులే, పాట వినసొంపుగానే ఉంటుంది. అయినా అది ప్రక్షిప్తం. కర్త ఆమోదించినంత మాత్రాన ప్రక్షిప్తం మూలం కాజాలదు.

దీనికి పూర్వరంగం 1975లోనే ఉన్నది. 1974 జూన్‌లో అమెరికాలో చేసిన కచేరీల నుంచి కూర్చిన ‘యు.ఎస్.ఏ.’ అనే రికార్డులో కొన్నిచోట్ల డేవిడ్ క్రాస్ వాయులీనం స్థానంలో, ఆ కచేరీలో లేనేలేని ఎడీ జాబ్సన్ స్టూడియోలో వాయించినది వినిపిస్తుంది. అట్టమీద కచేరీ అని ఉన్నది. లోపల ఉన్నది సగం కచేరీ. ఇలాంటి చోట తొలి ముద్రణ ప్రామాణికం అన్న సూత్రమే తలకిందులవుతుంది. ఆ సాయంత్రం వేదికమీద నిజంగా జరిగినదేమిటో తెలియాలంటే తరువాత వెలువడిన పూర్తి కచేరీ టేపులే శరణ్యం.

ఆశువు, ఆల్బము

సేకరణకు అసలైన సమర్థన ఇక్కడ దొరుకుతుంది. 1972–74 నాటి కింగ్ క్రిమ్సన్ ప్రతి కచేరీలోనూ కొంతసేపు ముందు అనుకోనిది వాయించేది. 1974లో వచ్చిన ‘స్టార్‌లెస్ అండ్ బైబుల్ బ్లాక్’ చూడడానికి స్టూడియో ఆల్బము. నిజానికి అందులో అధికభాగం కచేరీలలో రికార్డు చేసి, చప్పట్లు తొలగించినది. ముఖ్యమైన భాగాలు 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్‌లోని కన్సర్ట్‌హెబౌ మందిరంలో వాయించినవి. ఆ కచేరీ 1997లో ‘ది నైట్ వాచ్’ పేరుతో పూర్తిగా వెలువడ్డాకే మామూలు శ్రోతకు ఆ ఆల్బము పుట్టుక చెవులతో తెలిసివచ్చింది.

ఆ ఆల్బములోని ‘ట్రయో’ ఇందుకు చక్కని ఉదాహరణ. వాయులీనం, మెలోట్రాన్, బేస్ కలిసి నెమ్మదిగా అల్లిన ఈ ఆశురచనలో డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ చేతికర్రలను గుండెకు అడ్డంగా పట్టుకొని, ఒక్క దెబ్బయినా వేయకుండా కూర్చున్నాడు. వాయించకుండా ఉండడమూ సంగీతానికి చేర్పే అని మిగిలిన సభ్యులు ఆయనకు కూడా కర్తృత్వంలో భాగమిచ్చారు. చప్పట్లు తీసేసిన ఆల్బములో ఇది ముందే రాసిపెట్టుకున్న చిన్న రచనలా వినిపిస్తుంది. పూర్తి కచేరీలో, ఎప్పుడు ఏమి జరుగుతుందో వాయించేవారికే తెలియని ఒక క్షణంగా వినిపిస్తుంది. స్వరాలు అవే, అర్థం వేరు.

మనోధర్మ సంగీతం ఎరిగిన తెలుగు శ్రోతకు దీనిని వివరించనక్కరలేదు. ఒకే విద్వాంసుడు రెండు సభలలో చేసిన తోడి ఆలాపనలను పాఠాంతరాలని ఎవరూ అనరు. రెండూ స్వతంత్ర కృతులే. అందువల్ల 2014లో 27 డిస్కులతో వచ్చిన ‘స్టార్‌లెస్’ పెట్టెను ఒకే ఆల్బమును సాగదీసిన వ్యాపారంగా చూడడం పొరపాటు. అది ఒక బృందం కొన్ని నెలలపాటు రాత్రి రాత్రికీ చేసిన ఆలోచన చరిత్ర.

అయినా ఈ పెట్టెలపై ఆక్షేపణకు తావున్నది. ఒకే ఆల్బము ఒకే పెట్టెలో మూడు నాలుగు మిక్సుల్లో, రకరకాల డిస్కుల్లో పునరావృతమవుతుంది. ఒక ముద్రణ కొన్నవాడు కొద్దిపాటి కొత్త విషయం కోసం తరువాతిదీ కొనవలసివస్తుంది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి. ఎల్.పి.కి రెండు ముఖాలు, ఒక ఆరంభం, ఒక ముగింపు ఉంటాయి. ఎంపిక, త్యాగం దాని రూపంలోనే ఇమిడి ఉంటాయి. 26 డిస్కుల మధ్య ఆ 44 నిమిషాలు ఒక పత్రంగా మిగిలి, కృతిగా మరుగున పడవచ్చు. పరిశోధకుడికి కావలసినది, రసికుడికి కావలసినది ఒకే పెట్టెలో ఉన్నా, అవి ఒకటి కావు.

ఈ ముద్రణలకు ఫ్రిప్ కర్త, హక్కుదారు, పరిష్కర్త కూడా. పూర్వపు మేనేజ్‌మెంటు సంస్థతో చాలా ఏళ్ళు సాగిన వివాదం తరువాత తన సంగీతం తన చేతికి వచ్చింది; 1992లో డేవిడ్ సింగిల్టన్‌తో కలిసి డీ.జీ.ఎం. అనే సంస్థ స్థాపించాడు. కళాకారుడి చేతిలో భాండాగారం ఉండడం వల్లనే ఇన్ని టేపులు బయటికొచ్చాయి. కాని తన పాత రచనను దిద్దాలన్న కోరికను కర్త అదుపులో పెట్టుకోవడం కష్టం. 1991 నాటి ప్రక్షిప్తాల నుంచి, పాత మాస్టర్‌ను కొత్త మిక్స్ పక్కనే ఉంచే 2009 నాటి పద్ధతి దాకా సాగిన ప్రయాణం ఆ అదుపు నేర్చుకున్న ప్రయాణమే. ఈ పునర్ముద్రణలలో అన్నిటికంటె మెచ్చుకోదగినది అదే.

కాబట్టి సేకర్తకు ఉపకరించే ప్రశ్నలు నాలుగే: ఏ టేపు ఆధారం? ఎవరు, ఎప్పుడు కలిపారు? ఏది చేర్చారు, ఏది తీశారు? పాత రూపం పక్కనే ఉన్నదా? వీటికి జవాబు చెప్పే ముద్రణ అల్మరాలో చోటుకు తగినది. 2019లో కింగ్ క్రిమ్సన్ ఆల్బములు స్ట్రీమింగ్ సేవలలోకి కూడా వచ్చాయి. అక్కడ పాట పేరు, నిడివి కనబడతాయి. వినబడుతున్నది ఏ పాఠమో మాత్రం తరచు తెలియదు. ఒక పాఠం చడీచప్పుడు లేకుండా మరొకదాని స్థానంలోకి వస్తే, కొన్నాళ్ళకు మార్పు జరిగిందన్న జ్ఞాపకమూ పోతుంది. అప్పుడు, ‘మూన్‌చైల్డ్’లో ఒకప్పుడు ఇంకో మూడు నిమిషాల సన్నని సవ్వడి ఉండేదని రుజువు చూపగలిగేది ఎవరి ఇంట్లోనో అల్మరాలో ఉన్న పాత రికార్డు ఒక్కటే.