అశ్వత్థామ పగ

బెళుగుప్పలో సౌప్తికపర్వకథఁ జెప్పుచుండఁగా నొక విద్యార్థి నన్నడిగెను: "అయ్యా! కొడుకుకై సైంధవుఁ జంపిన యర్జునుఁడు వీరుఁడు గదా. తండ్రికై ధృష్టద్యుమ్నుఁ జంపిన యశ్వత్థామ పాపి యెట్లయ్యెను?" ప్రశ్నము పిల్లవానిదే, అయినను అశ్వత్థామకుఁ బితృభక్తి యను కవచము తొడుగు పండితులకును ఇదియే యాధారము.

అర్జునుని ప్రతిజ్ఞకు గడువు కలదు. సూర్యాస్తమయములోపలఁ జంపలేనిచోఁ దానే యగ్నిఁ జొచ్చెదననెను. అశ్వత్థామ కోపమునకు మేర లేదు. మఱ్ఱిక్రిందఁ గృపకృతవర్మలు నిద్రింపఁగా నతఁడొక్కఁడే మేలుకొని, గుడ్లగూబ కాకులఁ జంపుటఁ జూచి దానినే గురువుగాఁ గొనెను. నిద్రితులఁ జంపుట ధర్మము కాదని కృపుఁడు వారించెను. పురుగై పుట్టినను సరియే, తండ్రిఁ జంపినవారిని నిద్రలోనే చంపెదనని వ్యాసభారతమున నతని యుత్తరము. ఇది యెఱుఁగక చేసిన పాపము కాదు. వెల యెఱిఁగి కొన్నది.

ఇంతవఱకును బితృఋణమనవచ్చును. కాని ధృష్టద్యుమ్నుఁడు పుణ్యలోకములకై తన్ను శస్త్రముతోఁ జంపుమని వేఁడెను. గురుఘాతులకు లోకములు లేవని యశ్వత్థామ కాలితోఁ దన్ని చంపెను. కథకుఁ గీలకమిచ్చటనే యున్నదని నా తలఁపు. ప్రాణముతోఁ దనియని పగ పరలోకమునకుఁ జేయి చాఁచినది. క్రైస్తవదేశపు రాకుమారుఁడగు హామ్లెట్టును ఇట్టివాఁడే. ప్రార్థించుచున్న పినతండ్రిని అప్పుడు చంపినచో స్వర్గమునకుఁ బోవునని కత్తి దించి, వాఁడు పాపమున మునిఁగియుండు వేళకై వేచెను. క్షమింపుమను మతమునఁ బెరిగినవాఁడు ఆ మతపు నరకమునే యాయుధముగాఁ జేసికొనెను! ఆ మాటలు చదువరానంత ఘోరములని డాక్టరు జాన్సను 1765లోఁ దాను ప్రకటించిన షేక్స్పియరు నాటకముల వ్యాఖ్యలో రోసెను. నేను విన్న పౌరాణికులు ధృష్టద్యుమ్నుని చావును గొంతు తగ్గించి వేగముగా దాఁటుదురు. కీలకము వారికిఁ దెలిసియే యుండును.

ఇఁక బ్రహ్మశిరోస్త్రము మాట. ఉత్తర గర్భమునందలి శిశువు ద్రోణునకేమి యపకారము చేసెను? అచ్చటఁ బితృభక్తి పేరైన మిగులలేదు.

వ్యాసభారతమున ద్రౌపది యితని చావుఁ గోరి ప్రాయోపవేశమునకుఁ బూని, తుదకు శిరోమణితోఁ దృప్తి నొందెను. పోతన భాగవతమున నామె తీరు వేఱు. పుత్రశోకమునఁ దానేడ్చునట్లు కృపి యేడ్వరాదని, అర్జునుఁడు కట్టి తెచ్చిన హంతను విడిపింపుమనును. భీమునికది సరిపడలేదు, మొదటిసారి చదివినపుడు నాకును సరిపడలేదు. బిడ్డల చితియైన నాఱకముందే తల్లికిట్టి మాట వచ్చునా యనుకొంటిని. ఇప్పుడట్లు తోఁపదు. కృపి దుఃఖమెట్టిదో యాదినమునఁ దెలిసినది ద్రౌపది యొక్కతెకే.

సౌప్తికకథ చదివించు పాఠశాలలలో భాగవత ప్రథమస్కంధములోని యీ ఘట్టమును వెంటనే చదివింపవలెనని ఉపాధ్యాయులకు నా మనవి. మా విద్యార్థికి నేనట్లే చదివించితిని.