గీత దాటాక ఆలోచన లేదు

చిన్నప్పుడు అనికా సోరెన్‌స్టామ్‌కు గెలవడమంటే ఇష్టమే, గెలిచాక మాట్లాడాలంటేనే వణుకు. స్వీడన్ జూనియర్ గోల్ఫ్ పోటీల్లో విజేత అందరి ముందూ నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలకు భయపడి, ముందంజలో ఉండి కూడా చివర్లో బంతిని హోల్‌లోకి దొర్లించే పట్‌లు కావాలనే తప్పించి రెండో స్థానంతో బయటపడేది. కోచ్‌లు పసిగట్టారు. రెండో స్థానంలో నిలిచినవాళ్లు కూడా మాట్లాడాల్సిందేనన్నారు. ఎలాగూ తప్పనప్పుడు గెలిచే మాట్లాడదాం అనుకుంది ఆ పిల్ల.

ఆ అమ్మాయే తర్వాత అమెరికా మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏలో 72 టైటిళ్లు గెలిచింది. వాటిలో 10 మేజర్లు, అంటే అన్నిటికంటే పెద్ద పోటీలు. ఎనిమిదిసార్లు ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. ఈ అంకెలకంటే నన్ను పట్టి నిలిపేది ఆ భయం ఏమైందన్న ప్రశ్న. అది పోలేదనే నా నమ్మకం. భయాన్ని దాని చోట ఉండనిచ్చి, షాట్ దగ్గరికి మాత్రం రానివ్వని ఒక పద్ధతి ఆమెకు సొంత దేశంలోనే దొరికింది.

అనికా 1970లో పుట్టింది. స్టాక్‌హోమ్‌కు దగ్గర్లోని బ్రో ఆమె ఊరు. మొదట టెన్నిస్, మంచు కాలంలో స్కీయింగ్. గోల్ఫ్ 12 ఏళ్లకు మొదలైంది. తొలి క్లబ్బుల సెట్టు చెల్లెలు షార్లొటాతో పంచుకోవాల్సి వచ్చింది. బేసి నంబర్ల క్లబ్బులు అక్కవి, సరి నంబర్లవి చెల్లెలివి. 1988లో స్వీడన్‌కే చెందిన లీసెలోట్ నాయ్‌మన్ అమెరికా మహిళల ఓపెన్ గెలిచేసరికి, అంత దూరం మనవాళ్లూ వెళ్లగలరన్న ధైర్యం ఆ తరం పిల్లల్లో పుట్టింది.

ధైర్యానికి ఒక దారి చూపించింది మాత్రం పియా నీల్సన్. జాతీయ జట్టు కోచ్‌గా ఆమె పిల్లల ముందు పెట్టిన లెక్క చాలా చిన్నది. గోల్ఫ్‌లో ఒక రౌండు అంటే 18 హోల్స్. ఒక్కో హోల్‌కు ఇన్ని దెబ్బల్లో బంతి పడాలని ఒక ప్రమాణం ఉంటుంది, దాన్ని పార్ అంటారు. పార్ కంటే ఒక దెబ్బ తక్కువలో పూర్తి చేస్తే బర్డీ. మీ సొంత కోర్సులో ప్రతి హోల్‌లోనూ ఎప్పుడో ఒకప్పుడు బర్డీ చేసే ఉంటారు కదా, అవన్నీ ఒకేరోజు ఎందుకు కుదరవు అన్నది నీల్సన్ ప్రశ్న. పార్ 72 కోర్సులో అన్నీ బర్డీలైతే స్కోరు 54. ఆ అంకె వట్టి నినాదమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆట బాగా సాగుతున్నప్పుడు ఇక చాల్లే, ఉన్నది నిలబెట్టుకుందాం అనిపిస్తుంది చూడండి, 54 ఆ మాటను నోటికి రానివ్వదు.

ఇక నీల్సన్ పద్ధతిలో అసలు పనితనం. బంతి వెనకాల నేల మీద ఒక గీత ఉందనుకోవాలి. గీతకు ఇవతల ఉన్నంతసేపూ ఆలోచించొచ్చు: గాలి ఎటు, దూరమెంత, బంతి ఎక్కడ పడాలి, ఏ క్లబ్బు. నిర్ణయం అయ్యాకే గీత దాటాలి. దాటాక ఆలోచన లేదు, కొట్టడమే. మనసులో అనుమానం మెదిలిందా, వెనక్కొచ్చి మళ్లీ మొదటి నుంచి. అనికా ఈ క్రమాన్ని ఒంటికి పట్టించుకుంది. ఉత్త ప్రాక్టీసైనా, టైటిల్ తేలే ఆఖరి హోల్ అయినా ఆమె బంతి దగ్గర నిలబడే తీరులో తేడా కనబడదు.

స్వింగ్‌లోనూ ఆమెది అలాంటి తెగింపే. గోల్ఫ్ నేర్చుకునే ఎవరికైనా మొదట చెప్పే మాట: తల కదపకు, బంతినే చూడు. అనికా ఫొటోలు చూడండి. క్లబ్బు బంతిని తాకే క్షణానికే ఆమె ముఖం లక్ష్యం వైపు తిరగడం మొదలై ఉంటుంది. తలను బిగబట్టి ఉంచితే భుజాలు పూర్తిగా తిరగలేవు. ఆమె తల ఛాతీతోపాటే కదులుతుంది, ఒంటి బరువు అడ్డం లేకుండా ఎడమ కాలి మీదికి వెళ్తుంది. ఎన్నో ఏళ్లు ఆమెకు నేర్పిన కోచ్ హెన్రీ రీస్ దీన్ని తప్పని మాన్పించలేదు. పాఠ్యపుస్తకం కంటే శిష్యురాలి ఒంటిని నమ్మిన గురువు.

2001 మార్చి 16. ఫీనిక్స్‌లోని మూన్ వ్యాలీ కోర్సులో ఎల్‌పీజీఏ పోటీ. 10వ హోల్ నుంచి మొదలుపెట్టి అనికా వరసగా ఎనిమిది బర్డీలు చేసింది. అదే బృందంలో ఆడుతున్న షార్లొటా అంతకుముందు ఏడాది ఆ పోటీ విజేత. తొలి 13 హోల్స్‌లో అక్క 12 బర్డీలు చేసింది. మొత్తం 13 బర్డీలు, పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువయ్యే బోగీ ఒక్కటీ లేదు. స్కోరు 59. ఎల్‌పీజీఏలో అంతవరకూ ఎవరూ 60 కిందికి దిగలేదు. 54కు ఇంకా అయిదు దెబ్బల దూరం ఉంది, నిజమే. కానీ ఎనిమిది బర్డీల తర్వాత కూడా కాపాడుకునే ఆటలోకి జారని ఆ మనసును తయారుచేసింది ఆ అంకేనని నేననుకుంటాను.

2003 మేలో టెక్సస్‌లోని కలోనియల్ కోర్సులో పురుషుల పీజీఏ టూర్ పోటీ ఆడింది. 1945లో బేబ్ జహరియస్ తర్వాత ఆ టూర్‌లో ఆడిన తొలి మహిళ. పురుష ఆటగాళ్లలో విజయ్ సింగ్ లాంటివాళ్లు బాహాటంగానే వ్యతిరేకించారు. చుట్టూ జనం, కెమెరాలు. తొలి బంతిని 4-వుడ్‌తో కొట్టింది, ఫెయిర్‌వే మధ్యలో పడింది. ఆ తర్వాత నవ్వుతూ, మోకాళ్లు వణికి కూలబడబోతున్నట్టు అభినయించింది. నాకు ఆమె ఆటంతా ఆ కొన్ని క్షణాల్లోనే కనిపిస్తుంది. వణుకు ఉంది, బంతి వెళ్లిపోయాకే దానికి వంతు వచ్చింది. రెండు రౌండ్లలో 71, 74 చేసి చివరి రెండు రౌండ్లకు అర్హత తేల్చే కట్‌ను నాలుగు దెబ్బల తేడాతో తప్పింది. ఆమె నిలవలేకపోయిందని రాసినవాళ్లు ఆ మొదటి రోజు ఆటను సరిగ్గా చూడలేదు. అంత ఒత్తిడిలో పార్‌కు ఒక్క దెబ్బే ఎక్కువ.

అదే ఏడాది మహిళల బ్రిటిష్ ఓపెన్ గెలిచి, అప్పటి మేజర్లన్నీ గెలవడమనే కెరీర్ గ్రాండ్‌స్లామ్ పూర్తి చేసింది. 2008లో ఆట విరమించింది. అంతకు ఏడాది ముందే తన పేరిట ఫౌండేషన్ పెట్టి అమ్మాయిలకు పోటీలు, శిక్షణ మొదలుపెట్టింది. 2021లో తిరిగొచ్చి అమెరికా సీనియర్ మహిళల ఓపెన్‌ను ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచింది.

స్వీడన్ గోల్ఫర్ హెన్రిక్ స్టెన్సన్‌తో కలిసి ఆమె ఆతిథ్యమిచ్చిన స్కాండినేవియన్ మిక్స్‌డ్ పోటీలో ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే ట్రోఫీకి పోటీపడేవారు, తొలి దెబ్బ కొట్టే టీలు మాత్రం వేరు. 2022లో హాల్మ్‌స్టాడ్‌లో దాన్ని స్వీడన్‌కే చెందిన లిన్ గ్రాంట్ తొమ్మిది దెబ్బల తేడాతో గెలిచింది. యూరప్ పురుషుల డీపీ వరల్డ్ టూర్‌లో ఒక మహిళ గెలవడం అదే మొదలు. రెండో స్థానంలో నిలిచినవాళ్లలో స్టెన్సన్ ఒకరు.