పండుటాకు

ఓ పొగాకు మొక్కా, గోదావరి లంక బిడ్డా! వైట్‌ఫీల్డ్‌లో ఏడో అంతస్తు బాల్కనీలో, ఈ కుండీ ముందు కూర్చుని నీకు దండం పెడుతున్నాను.

గ్రాముకు 10,000కు పైగా తూగే నలుసంత విత్తనానివి. వెలుతురు తగిలితేనే కళ్లు తెరుస్తావు. అందుకే వినాయక చవితికి, అమ్మమ్మ చేసినట్టే, ఇసుకలో కలిపి చల్లాను; మన్ను కప్పకుండా అరచేత్తో అదిమి వదిలాను. వరద తీసిన ఒండ్రు ఎరిగిన నీకు ఈ ఎర్రమట్టి కొత్త. ఈ ఊరికి మాత్రం సేద్యం కొత్త కాదు. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయారు ఆంగ్లో ఇండియన్లకు ఇక్కడ భూమి ఇచ్చింది సాగు చేసుకు బతకమనే. ఆ ఊరి మీదే ఇప్పుడు అద్దాల మేడలు. మేడ మీద మళ్లీ పిడికెడు పొలానివి నువ్వు.

మొగ్గ తొడగగానే తల తుంచాను, పిలకలు గిల్లాను. పువ్వుకు పోయే బలం ఆకుకు మళ్లింది. వేరులో పుట్టిన ఘాటు ఆకాకుకూ ఎక్కింది. నీ జిగురు వేళ్లకంటి రాత్రి అన్నం ముద్ద చేదెక్కితే, అమ్మమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

ప్రకాశం జిల్లా బ్యారన్ల వేడిలో వారానికే పసిమి తేలే వర్జీనియావి కావు. గాలికీ నీడకీ లొంగే లంకాకువి. ముదిరిన వరసనే, అడుగాకు ముందుగా కోసి, పురికొసకు గుచ్చి తోరణం కట్టాను. నీ మహిమంతా ఇక్కడే. కోసినా చావవు. దారం మీదే ఊపిరి తీస్తావు, నీలోని పిండిని చక్కెరగా కరిగించుకుంటావు, పచ్చదనాన్ని నీ అంతట నువ్వే వదులుకుంటావు. తొందరపెట్టి ఎండగడితే ఆ పచ్చ బిగిసిపోతుంది, ఇక ఎన్నాళ్లకూ పోదు. అందుకే మాఘమాసపు పొడిగాలికి అడ్డంగా తడి గోనె కట్టి, ఆరు వారాలు కాపు కాశాను. పసుపు తిరిగావు, తేనె రంగుకొచ్చావు, ఇటుక రంగులో నిలిచావు. ఎండడం వేరు, పండడం వేరు. గడువుల వెంట పరుగెత్తే ఈ ఊళ్లో ఆ మాట నాకు చెప్పినదానివి నువ్వే.

నిన్ను కాల్చను. చుట్ట తాగిన తాతయ్య దగ్గు రాత్రుళ్లు విన్నవాణ్ణి. నీ వాసన చాలు. పదునెక్కిన ఆకును పిడికిట్లో నలిపి వదిలితే గుడ్డలా విచ్చుకుంటుంది. ఎండుగడ్డీ తేనే కలిసిన ఆ వాసనలో లంకలోని మా పాక లేచి నిలబడుతుంది.

ఒక్క మొక్కకు తల తుంచలేదు. గులాబిరంగు పూలు రాలి కాయలయ్యాయి. చెవి దగ్గర ఆడిస్తే సన్నటి ఇసుక సవ్వడి. వచ్చే చవితికి ఇసుక జల్లించి పెట్టుకున్నాను.