భవనం పైన, సొరంగం కింద: 'ఎక్స్-మెన్' కార్టూన్ మళ్లీ చూశాక

చిన్నప్పుడు మేం వుల్వరిన్ పక్షం. మాలో ఒకరు ఆ బొమ్మల్ని చూసింది ఊళ్లో ఒక పెద్దింటి కిటికీ బయట నిలబడి. ఇంకొకరు చూసింది సంక్షేమ హాస్టల్లో వార్డెన్ గది గడప దగ్గర కూచుని. ఇంగ్లీషు మాటలు సగం తెలిసేవి కావు. అయినా కథ తెలిసిపోయింది. కొందరు మనుషులు వేరే రకంగా పుట్టారు. ఆ పుట్టుకే వాళ్ల నేరం. సర్కారు వాళ్ల పేర్లు రాసుకుంటున్నది. ఇనుప రాక్షసుల్లాంటి యంత్రాలు వాళ్ల ఇళ్ల మీద పడుతున్నాయి. ఇంతమాత్రం అర్థం కావడానికి మాకు ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

ఆ కార్టూన్ అమెరికాలో 1992 అక్టోబరులో మొదలై 1997 సెప్టెంబరు దాకా 76 భాగాలుగా వచ్చింది. ఈమధ్య మేం నలుగురం కూచుని దాన్ని మొదటి నుంచీ మళ్లీ చూశాం. పాత ముచ్చట్లు నెమరేసుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చిన్నప్పుడు మా కంటికి ఆనని మనుషులు కొందరు ఈసారి తెర నిండా కనపడ్డారు. వాళ్ల పేరు మోర్లాక్‌లు. వాళ్ల గురించీ, వాళ్లను ఇన్నేళ్లు మేం ఎందుకు మర్చిపోయామన్న దాని గురించీ మాట్లాడుకోవాల్సి ఉంది.

కథ తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. మ్యూటెంట్లు అంటే పుట్టుకతోనే ఏదో ఒక అసాధారణ శక్తి ఉన్నవాళ్లు. మామూలు జనం వాళ్లను చూసి భయపడతారు, అసహ్యించుకుంటారు. ప్రొఫెసర్ జేవియర్ అనే సంపన్నుడు, తానూ మ్యూటెంటే, తన వంశపు భవనంలో ఒక బడి పెట్టి వాళ్లను చేరదీస్తాడు. మనుషులతో కలిసి బతకవచ్చు అనేది ఆయన కల. మాగ్నీటో ఆ కలను నమ్మడు. మనల్ని వాళ్లు బతకనివ్వరు, మన రాజ్యం మనం కట్టుకోవాలంటాడు. స్టాన్ లీ, జాక్ కర్బీ ఈ పాత్రల్ని మొదట 1963లో కామిక్ పుస్తకంగా తెచ్చారు. ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. ఆ ఏడాదే ఆగస్టులో నల్లజాతి ప్రజలు వాషింగ్టన్‌కు కదిలారు. అందుకే జేవియర్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను, మాగ్నీటోలో మాల్కం ఎక్స్‌ను చూడడం విమర్శకులకు అలవాటైంది.

నల్లవాళ్ల కథల్లో మన కథ వెతుక్కోవడం మనకు కొత్త గాదు. 1946లో అంబేద్కర్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ తమ పేరునే అక్కడి నుంచి తెచ్చుకున్నారు. కాబట్టి ఆ కిటికీ బయట నిలబడ్డ పిల్లలు మ్యూటెంట్లలో తమను చూసుకున్నారంటే వింత లేదు. అయితే ఆ పోలిక ఎంతవరకు నిలబడుతుంది అనేది ఇప్పుడు అడగాలి.

మ్యూటెంట్లను జనం ద్వేషించడానికి ఆ కథలో ఒక కారణం ఉంది. సైక్లోప్స్ కళ్లు తెరిస్తే గోడలు కూలతాయి. రోగ్ ముట్టుకుంటే మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. భయపడేవాళ్ల భయం తప్పుడుదే అయినా, భయపడడానికి ఎదుట ఒక శక్తి అంటూ ఉంది. మా తాతల కళ్లలో నిప్పు లేదు. వాళ్లు ముట్టుకుంటే ఎవరూ పడిపోలేదు. అయినా వాళ్లను ఊరవతల పెట్టారు. చచ్చిన గొడ్డును ఎత్తడానికి వాళ్లు కావాలి, డప్పు కొట్టడానికి కావాలి, నాటుకూ కోతకూ కావాలి. మనుషులుగా మాత్రం వద్దు. అంటరానితనం వెనక ఉన్నది శ్రమ దోపిడీ. ఈ శ్రమ అనే మాటను పట్టుకునే మేం మోర్లాక్‌ల దగ్గరకు పోయాం.

మొదటి సీజన్‌లో 'క్యాప్టివ్ హార్ట్స్' అనే అయిదో భాగం ఉంది. నగరం కింద సొరంగాల్లో కొందరు మ్యూటెంట్లు బతుకుతుంటారు. వాళ్ల రూపాలు వాళ్లను దాచనివ్వవు. సైక్లోప్స్ ఒక కళ్లద్దం పెట్టుకుంటే వీధిలో నడిచి పోగలడు. జీన్ గ్రేకు ఆ అద్దం కూడా అక్కర్లేదు. పచ్చని చర్మంతో పుట్టిన లీచ్ అనే పిల్లవాడు ఏం పెట్టుకుని నడుస్తాడు? అందుకని కిందనే ఉంటాడు. పైన ఉన్న మ్యూటెంట్లు వేరు, కింద ఉన్న మ్యూటెంట్లు వేరు. ద్వేషించేవాళ్లకు అందరూ ఒకటే గావచ్చు. బతుకులు మాత్రం ఒకటి గావు. పీడితుల్లో కూడా మెట్లుంటాయని ఒక పిల్లల కార్టూన్ చూపించింది. అందుకు దాన్ని మెచ్చుకోవాలి.

కానీ మోర్లాక్ అనే పేరు ఎక్కడిది? హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ద టైమ్ మెషీన్' నవలలోది. అందులో మోర్లాక్‌లు భూమి కిందికి నెట్టబడ్డ కార్మికుల సంతతి. పైన ఆడుతూ పాడుతూ తిరిగే ఎలోయ్‌లు వేసుకునే బట్టలు కింద వీళ్లు నడిపే యంత్రాల నుంచే వస్తాయి. అంటే ఆ పేరు పుట్టింది పని నుంచి. వెల్స్ వాళ్లను మనుషుల్ని తినే భయంకరులుగా చిత్రించాడనేది నిజమే, ఆ చిత్రణతో మాకు పేచీ ఉంది. అయినా కింద పనిచేసేవాళ్లు లేకపోతే పైన విలాసం లేదన్న సంగతి అతను మరుగుపరచలేదు. 1983లో క్రిస్ క్లేర్‌మాంట్, పాల్ స్మిత్ ఈ పేరును కామిక్‌లోకి తెచ్చినప్పుడు పేరు వచ్చింది గానీ పని రాలేదు. కార్టూన్‌లోనూ అంతే. మోర్లాక్‌లు దాక్కుంటారు, దొంగిలిస్తారు, మనుషుల్ని ఎత్తుకుపోతారు. ఏ పనీ చెయ్యరు. నగరం కింది సొరంగాల్లో అన్ని భాగాలు తిరిగినా ఆ నగరపు మురికిని ఎవరు ఎత్తుతున్నారన్న ప్రశ్న రాదు.

మన దేశంలో మనుషులు మురుగు కాలవల్లోకి దాక్కోవడానికి దిగరు. వాళ్లను దించుతారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం వచ్చాయి. మ్యాన్‌హోల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటేనే చావులు ఆగలేదని గదా అర్థం. ఆ దిగే మనిషి సాయంత్రం పైకి వచ్చి పోయేది కూడా మళ్లీ వాడకే. కార్టూన్‌లో సొరంగం ఒకటే. ఇక్కడ రెండున్నాయి, ఒకటి పనికి, ఒకటి బతుక్కి.

కార్టూన్ దగ్గరగా వచ్చిన చోటును కూడా చెప్పాలి. 'స్లేవ్ ఐలండ్' అనే భాగంలో జెనోషా అనే ద్వీపంలో మ్యూటెంట్ల మెడలకు పట్టీలు తగిలించి వాళ్లతో ఆనకట్ట కట్టిస్తారు. వాళ్ల శక్తి ఎవరికి కావాలో, ఎందుకు కావాలో అక్కడ తేటతెల్లమవుతుంది. ఆ ఒక్క భాగంలో శత్రువు భయపడడు, లెక్కలు వేసుకుంటాడు. మాకు తెలిసిన శత్రువు అతనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. 'క్యాప్టివ్ హార్ట్స్'లో మోర్లాక్‌లు సైక్లోప్స్‌నూ జీన్‌నూ కిందికి ఎత్తుకుపోతారు. వాళ్లను విడిపించడానికి వెళ్లిన వాళ్లలో స్టార్మ్ ఉంది. ఆమె 1975లో కామిక్‌లోకి వచ్చిన నల్లజాతి వీరవనిత. మూసుకుపోయిన చోట్లంటే ఆమెకు ప్రాణభయం. అయినా దిగింది. మోర్లాక్‌ల నాయకురాలు కలిస్టోతో తలపడి గెలిచింది. కింది వాళ్ల నియమం ప్రకారం గెలిచిన మనిషే నాయకురాలు. ఆమె వాళ్లను పైకి రమ్మంటుంది, వాళ్లు రారు. అప్పుడు పెత్తనం కలిస్టోకు అప్పగించి, నాయకత్వం మాత్రం తన పేరు మీదే ఉంచుకుని ఆమె భవనానికి వెళ్లిపోతుంది.

చిన్నప్పుడు ఈ ఘట్టానికి చప్పట్లు కొట్టాం. ఈసారి నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఎందుకంటే మేం ఎవరం? సంక్షేమ హాస్టళ్లలో చదివి, ఫెలోషిప్‌లతో విశ్వవిద్యాలయాలకు వచ్చి, వెలివాడ మీద పరిశోధన చేసి, సెమినార్లలో వాడ తరఫున మాట్లాడుతున్నవాళ్లం. పండక్కి వాడకు పోతాం. రెండు రోజులుంటాం. మూడో రోజు బస్సెక్కుతాం. పట్నంలో ఇల్లు అద్దెకు అడిగితే 'మీరేమోళ్లు?' అన్న ప్రశ్నకు మాట దాటేయడం కూడా నేర్చుకున్నాం. అది సైక్లోప్స్ కళ్లద్దం. ఆ అద్దం అందరికీ దొరకదు. మున్సిపాలిటీ చీపురు పట్టుకున్న మా చిన్నమ్మకు దాపరికం ఎక్కడిది? చిన్నప్పుడు వుల్వరిన్ పక్షాన ఉన్న మేం పెద్దయ్యాక స్టార్మ్ అయ్యాం. ఉండేది భవనంలో, నాయకత్వం సొరంగానిది.

మాలో ఒకరు దీన్ని ఒప్పుకోలేదు. ఆమె వాదం ఇది. 'స్టార్మ్ కిందనే ఉండిపోతే ఏం ఒరుగుతుంది? పైన ఒక గొంతు ఉండాలి గదా. మనం చదువుకుంది మళ్లీ అక్కడే కూలబడడానికా? పైకి వచ్చిన మగవాళ్లెవరినీ ఈ ప్రశ్న అడగరు. కష్టపడి వచ్చిన నల్ల ఆడమనిషినే అడుగుతారు.' ఈ మాటలో బలం ఉంది. మేం దాన్ని కొట్టెయ్యడం లేదు.  భవనానికి పోవడం తప్పని మేమూ అనడం లేదు. ఆ చదువు కోసం మా అమ్మలు పుస్తెలు కుదువబెట్టారు. మా అభ్యంతరం ఒక్కటే. గొంతు పైన ఉన్నప్పుడు అది ఎవరికి జవాబు చెప్పుకోవాలి? కలిస్టోను ఓడించిన స్టార్మ్‌కు, ఆ తర్వాత ఏ రోజున కింది వాళ్ల ముందు నిలబడి లెక్క చెప్పాలన్న నియమం లేదు. ఆమె మంచిది కాబట్టి వస్తుంది. మంచితనం మీద నడిచే నాయకత్వం దొరతనానికి ఎంతో దూరంలో ఉండదు.

1995 డిసెంబరులో వచ్చిన క్రిస్మస్ భాగం ఈ లోటును పట్టించింది. సొరంగంలో లీచ్ చావుబతుకుల్లో ఉంటాడు. భవనంలో పండుగ ఏర్పాట్లు జరుగుతుంటాయి. కబురు అంది పైవాళ్లు దిగి వస్తారు. గాయాలు వాటంతటవే మానే వుల్వరిన్ తన రక్తం ఎక్కించి పిల్లవాణ్ణి బతికిస్తాడు. చివరికి పండుగ కిందనే జరుగుతుంది. ఒకరి రక్తం ఒకరిలో కలవడం, ఒకే చోట కూచుని పండుగ చేసుకోవడం: కులం ఈ రెండింటినే అన్నిటికంటే ఎక్కువగా కాపలా కాస్తుందని మనకు తెలుసు. అందుకే ఆ ఘట్టం చూస్తే గుండె కదిలింది, దాచుకోం. కానీ కబురు అందేటప్పటికి పిల్లవాడు చావు అంచున ఉన్నాడు. పేరుకు నాయకురాలున్నా, జబ్బు సంగతి ఆమెకు తెలిసింది ఆఖరికి. మరుసటి ఏడాది పండుగ నాడు ఏమైంది అని కార్టూన్ చెప్పదు.

ఇదే మాటను మా మధ్యకు తెచ్చుకుంటే నొప్పి ఇంకా ఎక్కువ. జేవియర్ ఎప్పుడూ చెప్పేది మనమంతా మ్యూటెంట్లమని. 1994లో దండోరా మోగినప్పుడు కూడా వినపడిన మాట అదే: మనమంతా దళితులం, పంచుకోవడం ఏమిటి, ఐక్యత చెడుతుంది అని. అప్పుడు ఐక్యత గురించి ఎక్కువ మాట్లాడింది ముందుగా మెట్లెక్కినవాళ్లే. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని తేల్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. ముప్పయ్యేళ్లు పట్టింది. ఈ పత్రికలో రాసే మేం మాలలమూ ఉన్నాం, మాదిగలమూ ఉన్నాం. ఆ ముప్పయ్యేళ్లలో మేం రాసిన వ్యాసాల్లో 'దళితులు' అనే మాట ఎన్నిచోట్ల పై మెట్టు మీదివాళ్లను మాత్రమే చూపించిందో తిరగేసి చూసుకోవాల్సిన పని ఉంది. తీర్పు వచ్చినా రెల్లివాళ్ల, డక్కలివాళ్ల పిల్లలు ఎంతమంది మా విభాగాల గడప తొక్కారో చూస్తే ఆ పని ఎంత మిగిలిందో తెలుస్తుంది.

భవనానికీ సొరంగానికీ మధ్య ఇంకో దారి లేదా? ఉందని మా కాలంలోనే చూశాం. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి గెంటివేయబడ్డ అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్ నడిబొడ్డున గుడారం వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ అయిదుగురిలో రోహిత్ వేముల ఒకడు. జనవరి 17న అతణ్ణి పోగొట్టుకున్నాం. ఆ పేరు పెట్టడంలో ఉన్న ఆలోచనను మేం ఇక్కడ గుర్తు చేస్తున్నాం. స్టార్మ్ సొరంగాన్ని కిందనే వదిలి భవనానికి పోయింది. వీళ్లు వెలివాడను తెచ్చి భవనం ముంగిట్లో నిలబెట్టారు. చదువుకున్నవాళ్లం కాబట్టి మాకు వాడతో పని లేదని వాళ్లు అనుకోలేదు.

ఈ కార్టూన్‌కు కొనసాగింపు 'ఎక్స్-మెన్ '97' పేరుతో 2024 మార్చిలో మొదలైంది. అందులో జెనోషా ఇప్పుడు మ్యూటెంట్ల సొంత దేశం. మోర్లాక్‌లు ఎట్టకేలకు సొరంగాలు వదిలి అక్కడ ఎండలో తిరుగుతుంటారు. ఏప్రిల్లో వచ్చిన భాగంలో ఒక రాక్షస యంత్రం ఆ దేశం మీద పడి ఊచకోత కోస్తుంది. చచ్చినవాళ్లలో లీచ్ ఉన్నాడు.

లీచ్ శక్తి ఏమిటో ఇంతవరకు చెప్పలేదు. అతను దగ్గరకు వస్తే ఎదుటివాళ్ల శక్తులు ఆగిపోతాయి. సైక్లోప్స్ కంట్లో నిప్పు ఉండదు, ఎవరూ ఎవరికంటే గొప్పగా ఉండరు. ఆ కాసేపు అందరూ ఉత్త మనుషులు. ఇన్ని భాగాల్లో ఇంతమంది వీరులుండగా, మాకు కావలసిన సమాజం ఎట్లా ఉంటుందో చూపించగలిగింది మాటలు సరిగా రాని ఆ పచ్చ పిల్లవాడు ఒక్కడే. చిన్నప్పుడు వాణ్ణి చూసి నవ్వాం. మమ్మల్ని చూసి ఊళ్లో పిల్లలు నవ్వినట్టే నవ్వాం.

ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నామో ఇప్పుడు తెలుసు. ఇకమీదట వాడ గురించి రాసే ప్రతి వ్యాసాన్ని అచ్చుకు ముందు వాడలో చదివి వినిపించాలని మేం నలుగురం అనుకున్నాం. ఈ వ్యాసాన్నీ అట్లాగే చదివాం. విన్నవాళ్లలో మున్సిపాలిటీలో పనిచేసే మా చిన్నమ్మ అడిగింది: 'అది సరే గానీ బిడ్డా, ఆ పెద్ద బంగళాలో ఊడ్చేది ఎవరు?' మేం 76 భాగాలు చూశాం. ఆ ప్రశ్న మాకు తట్టలేదు.