రిపోర్టు పుస్తకంలో లేని గడి

మా నర్సుల పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఉదయం ఎనిమిదికి రిపోర్టు ఇవ్వడం. నైట్ డ్యూటీ సిస్టర్ మంచం మంచం దగ్గరా ఆగి చెప్పుకుపోతుంది. ఏడో బెడ్డుకి జ్వరం తగ్గింది, ఆరింటి ఇంజెక్షన్ అయిపోయింది, పదో బెడ్డు ముసలమ్మ రాత్రంతా కలవరించింది... డ్యూటీకి వచ్చినామె విని సంతకం పెడుతుంది. అప్పుడు చూడాలి వెళ్లే పిల్ల భుజాలు, బస్తా దించినట్టు కిందికి జారతాయి.

2020లో ఆ భుజాలు దిగడం మానేశాయి.

మన వైపు కరోనా ఆలస్యంగా వచ్చింది. రాష్ట్రమంతా కేసులు లెక్కపెడుతుంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సున్నా. ఏప్రిల్ 25న పాతపట్నంలో మూడు బయటపడ్డాయి. విజయనగరం మే దాకా ఆగింది. గుజరాత్ వెరావల్‌లో చిక్కుబడ్డ మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగొస్తున్నారంటే ఊళ్లు బిక్కుబిక్కుమన్నాయి. ఆ తరవాత రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రుల పేర్లు వింటేనే జనం గొంతు తగ్గించేవారు. అంతకుముందు మార్చి 22 సాయంత్రం ఐదింటికి మా వీధంతా మాకు చప్పట్లు కొట్టింది. జూలైలో ఇంటి ఓనరమ్మ గేటు అవతలే నిలబడి, ‘కొన్నాళ్లు హాస్టల్లో ఉండరాదా అమ్మా’ అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఇంట్లో పసిగుంటలున్నారు మరి.

పీపీఈ వేసుకున్నాక అందరం ఒక్కలాగే ఉంటాం. గుండెల మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్లం. నీళ్లు తాగితే బాత్రూముకి పోవాలి, పోవాలంటే కిట్టు విప్పాలి, అందుకని తాగేవాళ్లం కాదు. లోపల ఏడవడానికీ లేదు. గాగుల్స్‌కి ఆవిరి పట్టిందంటే సూది గుచ్చడానికి నరం కనిపించదు.

నాలుగో బెడ్డులో ఒక తాత ఉండేవాడు, సముద్రం మీద బతికినవాడు. ఒక రాత్రి ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, ‘ఏటమ్మా, నీ మొకం ఓపాలి సూపించవా? ఎవుల సేతుల్లో ఉన్నానో తెల్డంనేదు’ అన్నాడు. మాస్కు సర్దుతూ, ‘తెల్లారి డ్యూటీ దిగాక కిటికీ అవతల నిలబడతాను తాతా, చూద్దువుగాని’ అన్నాను. నాలుగున్నరకి పోయాడు. ఏ టైముకి పల్స్ పడిపోయింది, ఏ మందు ఇచ్చాం, ఎవరికి కబురు చేశాం, అన్నీ రాసి సంతకం పెట్టాను. మాట ఇచ్చానని రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

కిట్టు విప్పడానికో క్రమం ఉంది. గ్లవ్స్, గౌను, గాగుల్స్, అన్నిటికన్నా ఆఖరున మాస్కు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా చేతులు శుభ్రం చేసుకోవాలి. కొత్తగా చేరిన ఒకమ్మాయి అదంతా తప్పు లేకుండా చేసి, బాత్రూములో కుళాయి విప్పుకుని అరగంట బయటికి వచ్చేది కాదు. మా ఆయమ్మ తలుపు తట్టి, ‘ఏటయింది గుంటా, రా, టీ సల్లారిపోతంది’ అనేది. మాకు దొరికిన కౌన్సెలింగు అదే. బయట బెంచీ మీద ఎడంగా కూర్చుని, పుస్తకంలోకి ఎక్కనిది తలా ఒకటి చెప్పుకునేవాళ్లం. ఏడుపులే కాదు. డాక్టరుగారిని పేషెంటు ‘ఒలే సిస్టరమ్మా’ అని పిలిచిన రోజున చచ్చేంత నవ్వాం.

పైనుంచి సలహాలూ వచ్చేవి. యోగా చెయ్యండి, ఊపిరి గట్టిగా పీల్చండి. ఎన్95 బిగించుకున్నవాళ్లకా! నైటింగేల్ పుట్టి రెండొందలేళ్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల సంవత్సరమంది. ఆ రోజుల్లో తాత్కాలికంగా తీసుకున్న పిల్లల్ని మాత్రం అవసరం తీరాక ఇంటికి పంపేశారు. కుళాయి విప్పుకున్న అమ్మాయీ వాళ్లలో ఉంది. ఆ పిల్లకి నిద్ర పట్టాలంటే ధ్యానం కన్నా ముందు వచ్చే నెల జీతం ఉంటుందో లేదో తెలియాలి. 2022 అక్టోబరులో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వచ్చింది, నంబరు 14416. మంచిదే. డ్యూటీ రూములో అతికించాను. రెండేళ్లు ముందొచ్చి ఉంటే ఆ పిల్లకిచ్చేదాన్ని.

బెంచీ మీద అందరి మాటలూ విన్నాను, నావీ చాలా చెప్పాను. తాత సంగతి మాత్రం చెప్పలేదు. ఇదే మొదలు.