బందరు ఎవరి మాట?

బుచ్చిరెడ్డిపాలెం నుంచి వెళ్లి బందరును కాలినడకన చూశాం. ఊరి విశేషాలు చెప్పే రాతలు మమ్మల్ని నేరుగా బందరుకోట డచ్చి సమాధుల దగ్గరికి నడిపించాయి. 1611లో ఇంగ్లీషువాళ్లు పెట్టిన వర్తక స్థావరం గురించీ, 1864 ఉప్పెన గురించీ చెప్పాయి. మంచిదే. కానీ ఆ తెల్లవాళ్లు దిగింది ఎవరి రేవులో? గోల్కొండ కుతుబ్‌షాహీల రేవులో. హజ్ యాత్రికులు ఓడెక్కిందీ, కలంకారీ అద్దకాలు పర్షియాకు వెళ్లిందీ ఇక్కడి నుంచే. ఆ సంగతికి ఒక్క వాక్యంతో సరి! ఫారసీలో 'బందర్' అంటే రేవు. 'కలంకారీ' కూడా ఆ భాష ఇచ్చిన మాటే. మరో గోరీ చూపించమని మేం అడగడం లేదు. సమాధుల్లోని డచ్చివాళ్లు చరిత్ర అయితే, బతికున్న మేం పరాయివాళ్లం ఎలా అయ్యాం? మమ్మల్ని వేలెత్తి చూపేవాళ్లు బందరుకు టిక్కెట్టు ఏమని అడుగుతారు?